గోడమీది కాలెండరులో సాంఖ్యకశాస్త్రం

మీ ఇంట్లో వంటగది గోడకో, వరండాలోనో ఒక కాలెండరు వేలాడుతూ ఉంటుంది. తిథి, వర్జ్యం, రాహుకాలాలతో పాటు దాని మీద పెన్సిలుతో వేసిన గుర్తులు కూడా ఉంటాయి, గమనించారా? పాలు రాని రోజున ఒక అడ్డగీత. చుట్టాలు వచ్చి అరలీటరు ఎక్కువ పోయించుకున్న రోజున ఒక చిన్న అంకె. గ్యాసు బండ మార్చిన తేదీ చుట్టూ ఒక గుండ్రటి గీత. నెలాఖరున మీ అమ్మగారు ఆ గుర్తులన్నీ లెక్కబెట్టి పాలవాడికి ఇవ్వవలసిన డబ్బు తేలుస్తారు. "అమ్మా, నువ్వు దత్తాంశాన్ని సేకరించి పట్టికగా రాసి ఫలితం రాబట్టావు" అని మీరంటే ఆమె నవ్వి ఊరుకుంటుంది. కాని ఆమె చేసింది అచ్చంగా అదే.

ఇప్పుడు మీ గణిత పాఠ్యపుస్తకంలో సాంఖ్యకశాస్త్రం అధ్యాయం తెరవండి. ఒక కర్మాగారంలో 50 మంది కార్మికుల దినవేతనాలు ఉంటాయి. ఒక ఆసుపత్రిలో చేరిన రోగుల వయస్సులు ఉంటాయి. ఆ కర్మాగారం ఏ ఊళ్ళో ఉంది? ఆ జీతాలు ఎవరు అడిగారు, ఎవరు చెప్పారు, నిజమే చెప్పారా? పుస్తకం చెప్పదు. మనమూ అడగం. తరగతి అంతరాలు వాళ్ళే వేసి ఇస్తారు, పౌనఃపున్యాలు వాళ్ళే వేసి ఇస్తారు. సూత్రంలో అంకెలు వేసి గుణించి భాగిస్తే జవాబు వస్తుంది. వెనక పేజీలో ఉన్న జవాబుతో అది సరిపోతే మార్కులు. ఆ అంకమధ్యమం వల్ల ఆ కార్మికులకు ఏం ఒరిగిందో, మనకు ఏం తెలిసిందో ఎవరికీ అక్కరలేదు.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. సాంఖ్యకశాస్త్రం నేర్చుకోవడం ఇలాంటి అమ్మానాన్నలు లేని అంకెలతో మొదలు కాకూడదు. మీ అంకెలతో మొదలుకావాలి. మీరు బడికి నడిచిన నిమిషాలు, మీ నాడి కొట్టుకున్న సార్లు, మీ ఇంట్లో ఖర్చయిన కరెంటు యూనిట్లు, మీరు నిద్రపోయిన గంటలు. ఇవి ఆసక్తిగా ఉంటాయని మాత్రమే కాదు. ఒక అంకె ఎలా పుట్టిందో కళ్ళారా చూసినవాడికే ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో తెలుస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంటి నుంచి బడికి చేరడానికి ఎన్ని నిమిషాలు పడుతోందో ఒక విద్యార్థిని పది రోజులు రాసుకుందని అనుకోండి. 22, 24, 21, 23, 25, 22, 58, 24, 23, 22. ఏడవ రోజున బస్సు టైరు పంచరయింది. మొత్తం 264 నిమిషాలు, పదితో భాగిస్తే సగటు 26.4 నిమిషాలు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ పది అంకెల్లో 26 ఎక్కడైనా ఉందా? 27 ఉందా? లేదు. పది రోజుల్లో తొమ్మిది రోజులు ఆమె సగటు కంటే ముందే బడికి చేరింది! "సగటున 26 నిమిషాలు పడుతుంది" అనే మాట లెక్క ప్రకారం సరైనదే, కాని ఆ అమ్మాయి ప్రయాణాన్ని గురించి అది దాదాపు ఏమీ చెప్పడం లేదు. అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా పేర్చి నడిమి రెంటినీ చూస్తే రెండూ 23. అదే మధ్యగతం. టైరు పంచరవడం వల్ల సగటు పైకి లేచింది గాని మధ్యగతం కదలలేదు. 58కి బదులు 158 నిమిషాలు పట్టినా మధ్యగతం 23 గానే ఉండేది. "దత్తాంశంలో అసాధారణ విలువలున్నప్పుడు మధ్యగతం మేలు" అని పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది. దాన్ని పదిసార్లు వల్లెవేసినా రాని తెలివి ఆ పంచరు టైరుతో ఒక్కసారికే వస్తుంది.

ఇంకో మెట్టు ఎక్కుదాం. రేపు పబ్లిక్ పరీక్ష. హాలుకి తొమ్మిదింటికల్లా చేరాలి, అదే దారి, అదే బస్సు. ఇంట్లోంచి ఎప్పుడు బయల్దేరాలి? సగటు చూసుకొని 26 నిమిషాల ముందా? మధ్యగతం చూసుకొని 23 నిమిషాల ముందా? రెండూ కాదు. ఆ రోజు మీకు కావలసింది 58. మామూలు రోజున వదిలెయ్యదగ్గ అంకె, పరీక్షనాడు అన్నిటికన్నా ముఖ్యమైన అంకె అవుతుంది. 'ఏ సగటు సరైనది?' అని పరీక్షల్లో అడుగుతారు. ఏ పనికి అని ముందు అడగకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు. మీ సొంత ప్రయాణమైతే ఈ మాట మీకు మీరే అనుకుంటారు. కర్మాగారం కార్మికుల విషయంలో ఎవరూ అనుకోరు.

ఇప్పుడు నాడి సంగతి చూద్దాం. తరగతిలో అందరూ మణికట్టు పట్టుకొని, గడియారం చూస్తూ 15 సెకన్లు లెక్కబెట్టి, వచ్చిన అంకెను నాలుగుతో గుణించి బోర్డు మీద రాశారనుకోండి. 68, 72, 76, 80, 84... 70 ఎవరికీ లేదు. 73, 79 కూడా ఎవరికీ లేవు. ఏం, మనుషుల గుండెలు నాలుగో ఎక్కంలోనే కొట్టుకుంటాయా? కావు గదా! మనం నాలుగుతో గుణించాం కాబట్టి నాలుగు గుణిజాలే వచ్చాయి. పైగా లెక్కలో ఒక్క దెబ్బ తప్పిపోతే జవాబులో నాలుగు తేడా వస్తుంది. నిమిషం పూర్తిగా లెక్కబెడితే ఒక్కటే తేడా. బోర్డు మీద అంకెల మధ్య ఖాళీలు చెబుతున్నది మన గుండెల గురించి కాదు, మనం కొలిచిన పద్ధతి గురించి.

ఈ నాడి లెక్కలోనే ఇంకో ప్రమాదం ఉంది. మనిషి నాడి నిమిషానికి 72 సార్లు అని ఎక్కడో చదివి ఉంటారు. ఒకబ్బాయికి 84 వచ్చింది. భయపడ్డాడు. అటూ ఇటూ చూసి 84 చెరిపేసి 72 రాసేశాడు. ఇలాంటివాళ్ళు ప్రతి తరగతిలోనూ ఉంటారు, వాళ్ళను తప్పుపట్టను. మనం నేర్పే తీరే అలాంటిది. ప్రయోగశాలలో లఘులోలకం ఊపినా, కుంభాకార కటకం నాభ్యంతరం కొలిచినా, రావలసిన జవాబు ముందే తెలిసి ఉంటుంది. రికార్డులో ఆ జవాబు వచ్చేలా అంకెలు రాసుకోవడం ఒక కళగా వృద్ధి అయింది! మీరు నిన్న ఎన్నింటికి నిద్రపోయారో, ఎన్నింటికి లేచారో ఏ పుస్తకం వెనకా జవాబు ఉండదు. అబద్ధం రాసి ఎవరిని మెప్పించాలి? ఉన్నది ఉన్నట్టు రాయడం అలవాటు చేసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

ఇలా తనను తాను కొలుచుకున్నవారిలో పాతకాలపువాడు ఒకాయన ఉన్నాడు. ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయంలో వైద్యం బోధించిన సాంటోరియో సాంటోరియో. 1561లో పుట్టాడు. పెద్ద త్రాసుకు కుర్చీ వేలాడదీసి, అందులో కూర్చొని, తన బరువును, తిన్న తిండినీ తాగిన నీటినీ, విసర్జించిన మలమూత్రాలనూ దాదాపు 30 ఏళ్ళపాటు తూచుకున్నాడు. లోపలికి వెళ్ళినదానికీ బయటికి వచ్చినదానికీ లెక్క కుదరలేదు. ఎనిమిది పౌన్లు తిని తాగితే అందులో ఐదు పౌన్ల దాకా కంటికి కనపడకుండా పోతోంది. చర్మం నుంచీ ఊపిరితోనూ తేమ పోతుందని, దాన్ని తూచవచ్చని అతడు 1614లో అచ్చయిన తన పుస్తకంలో చూపించాడు. నాడిని కొలవడానికి లోలకంతో ఒక సాధనం తయారుచేసినదీ ఇతడే. మీరు ముప్పై ఏళ్ళు తూచుకోనక్కరలేదు లెండి. ఒక నెల చాలు.

నెల రోజులు రాసేటప్పుడు ఒక చిక్కు తప్పకుండా వస్తుంది. మళ్ళీ మన కాలెండరు దగ్గరికే వెళదాం. పదకొండో తేదీ గడిలో ఏ గుర్తూ లేదు. అంటే ఆ రోజు పాలు మామూలుగా వచ్చినట్టా, లేక పాలు రాకపోయినా గీత గీయడం మరిచిపోయినట్టా? పాలవాడు మొదటిదంటాడు, మీ అమ్మగారు రెండోదంటారు. ఇద్దరికీ ఆ గడే సాక్ష్యం! సున్న వేరు, ఖాళీ వేరు. వాతావరణ పరిశీలకులు వాన కురవని రోజున కూడా ఊరుకోరు. ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకం చూసి సున్న అని రాస్తారు. రాయకపోతే ఆ రోజు వాన పడలేదో, చూసేవాడు రాలేదో తర్వాత ఎవరికీ తెలియదు. ఇప్పుడు చాలామంది ఇళ్ళలో సెల్‌ఫోను అడుగులు లెక్కబెడుతోంది. సాయంత్రమంతా మీరు కబడ్డీ ఆడి, ఫోను బల్లమీద పడి ఉంటే, ఆ గంటల్లో మీరు ఒక్క అడుగూ వేయలేదనే అది రాసుకుంటుంది. ఫోనుకు తెలిసింది ఫోను కదిలిన సంగతే. అందుకని నా ఓటు మాత్రం ఇరవై పేజీల నోటుపుస్తకానికే. అందులో ఖాళీ ఎందుకు వదిలారో పక్కన రాసుకోవచ్చు.

ఇంతవరకు మీ ఒక్కరి అంకెలు. ఇక నలుగురినీ అడిగి చూద్దాం. మీ వీధిలో 23 ఏళ్ళకూ 62 ఏళ్ళకూ మధ్య ఉన్న పెద్దవాళ్ళను ఓ 40 మందిని వయస్సు అడగండి. ఎవరి పేరూ రాసుకోవద్దు. చివరి అంకె మాత్రం చూడండి. చివర 0 నుంచి 9 దాకా పది అంకెలు రావచ్చు గనుక, 0 గాని 5 గాని ఉన్నవాళ్ళు పదింట ఇద్దరు, అంటే 40 మందిలో సుమారు ఎనిమిది మంది ఉండాలి. మీకు 16 మంది దొరికారనుకోండి. 16ను 5తో గుణించి 40తో భాగించి 100తో గుణిస్తే 200 వస్తుంది. దీన్ని విప్పుల్ సూచిక అంటారు. అందరూ వయస్సు సరిగ్గా చెబితే 100కి దగ్గరగా ఉంటుంది. అందరూ గుండుగుత్తగా నలభై, నలభై అయిదు అని చెబితే 500 అవుతుంది. మన దేశపు జనగణన పట్టికల్లోనూ సున్నతో, అయిదుతో ముగిసే వయస్సుల దగ్గర జనం గుంపుగా కనిపిస్తారు. ఆ ఏళ్ళలో పిల్లలు విరివిగా పుట్టారని కాదు దాని అర్థం.

చాలామంది పెద్దవాళ్ళకు వయస్సు అంకెగా గుర్తుండదు, సంగతిగా గుర్తుంటుంది. "దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను చంకలో పిల్లని" అని ఒకావిడ చెబితే అది 1977 నవంబరు. "నలభై అయిదో ఎంతో ఉంటాయి" అని ఆవిడే చెప్పిన అంకె కంటే ఈ మాట ఎంతో కచ్చితమైన దత్తాంశం! అడిగే తీరు మారిస్తే వచ్చే అంకె మారుతుంది. పనిలో పనిగా, సర్టిఫికెట్టులో ఉన్న పుట్టిన నెల ఏదో కూడా ఇంట్లో పెద్దల్ని అడగండి. జూన్, జూలై నెలలు ఎక్కువగా కనిపిస్తే, బడులు తెరిచే నెల ఏదో గుర్తు చేసుకోండి. పిల్లవాణ్ణి చేర్చుకొనే వేళ తేదీ తెలియక అయ్యవారు ఏదో ఒకటి వేసి ఉంటారా అని ఆలోచించండి.

వీటన్నిటిలోకీ నాకు బాగా ఇష్టమైన లెక్క ఒకటుంది. దానికి సాధనాలు ఏమీ అక్కరలేదు. తరగతిలో ప్రతి ఒక్కరినీ "మీ అమ్మానాన్నలకు మీతో కలిపి ఎంతమంది పిల్లలు?" అని అడిగి సగటు కట్టండి. ఆ సగటును చూపించి "మా ఊళ్ళో ఇంటికి ఇంతమంది పిల్లలు" అని చెప్పవచ్చునా? అడిగింది అందరినీ, అబద్ధం ఎవరూ చెప్పలేదు, కూడికలో తప్పు లేదు. అయినా చెప్పకూడదు.

ఎందుకో చూడండి. ఒక వాడలో పది ఇళ్ళున్నాయి అనుకుందాం. రెండు ఇళ్ళలో పిల్లలు లేరు. మూడు ఇళ్ళలో ఒక్కొక్కరు, మూడు ఇళ్ళలో ఇద్దరిద్దరు, రెండు ఇళ్ళలో నలుగురేసి. మొత్తం పిల్లలు 17 మంది. ఇంటికి సగటున 1.7. ఇప్పుడు ఈ 17 మందీ ఒకే బడిలో ఉన్నారు, మీరు వాళ్ళను అడిగారు. ముగ్గురు 'ఒకరు' అంటారు. ఆరుగురు 'ఇద్దరు' అంటారు. ఎనిమిది మంది 'నలుగురు' అంటారు. 3, 12, 32 కూడితే 47. దాన్ని 17తో భాగిస్తే 2.76! ఇళ్ళు అవే, పిల్లలు వాళ్ళే, సగటు మాత్రం ఒకటికి పైగా పెరిగింది. నలుగురున్న ఇల్లు నాలుగుసార్లు లెక్కలోకి వచ్చింది. పిల్లలు లేని ఇల్లు అసలు రానేలేదు. బడిలో నిలబడి అడిగితే ఆ ఇంటి గొంతు మీకు వినబడే అవకాశమే లేదు. ఎవరిని అడిగామన్నదానితో సమానంగా, ఎవరు మన కంటపడే వీలు లేదన్నది కూడా చూసుకోవాలి. దేశంలో పెద్ద పెద్ద సర్వేలు చేసేవాళ్ళు కూడా రోజూ తలపట్టుకొనే సమస్య ఇది. మీకు మాత్రం అది ఒక పీరియడులో, సుద్దముక్కతో తేలిపోతుంది.

ఇవన్నీ చిన్నపిల్లల ఆటలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మన దేశంలో ఈ శాస్త్రానికి పునాది వేసిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1922లో అచ్చువేసిన మొదటి సాంఖ్యక పరిశోధన దేని గురించి? కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల ఎత్తుల గురించి. ఆయన భౌతికశాస్త్రం పాఠాలు చెప్పే ప్రొఫెసరు. 1931లో కలకత్తాలో భారత సాంఖ్యక సంస్థను స్థాపించాడు. ఆ సంస్థకు 1941లో వెళ్ళి చేరిన తెలుగువాడు సి. ఆర్. రావు విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవాడు. 1945లో, పాతికేళ్ళయినా నిండకముందే, ఆయన అచ్చువేసిన వ్యాసంలోని ఫలితాలు ఇవాళ ప్రపంచమంతటా సాంఖ్యకశాస్త్ర పాఠ్యగ్రంథాలలో ఉన్నాయి. తర్వాత కేంబ్రిడ్జి వెళ్ళి ఆయన కూర్చున్నది సూడాను దేశంలో తవ్వితీసిన ఎముకల కొలతల ముందు! 102 ఏళ్ళు జీవించి 2023లో కన్నుమూశారు. సూత్రాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. టేపూ స్కేలూ పట్టి కొలిచిన అంకెల నుంచే వచ్చాయి.

మహలనోబిస్ చేసిన ఇంకో పని ఉంది, పాఠ్యపుస్తకాలు దాన్ని తలవవు. హెర్బర్ట్ రిస్లీ అనే బ్రిటిష్ అధికారి బెంగాల్లోని కులాలవాళ్ళ తలలూ ముక్కులూ కొలిపించి 1891లో పట్టికలు ప్రకటించాడు. ముక్కు వెడల్పును బట్టి కులం హెచ్చుతగ్గులు తెలుస్తాయనేదాకా వెళ్ళాడు! మహలనోబిస్ ఆ పట్టికలను అంకె అంకెగా పరిశీలించి, అందులోని తప్పులను దిద్ది 1933లో ప్రకటించాడు. మనుషుల్ని కొలిచిన అంకెలతో మనుషులకు ఎక్కువ తక్కువలు అంటగట్టడం ఎంత తేలికో రిస్లీని చూస్తే తెలుస్తుంది.

కనుక ఇక్కడ కొంచెం గట్టిగా మాట్లాడాలి. మీ అంకెలు మీవి. మీ పక్కవాడి అంకెలు పక్కవాడివి. తరగతిలో అందరి బరువులూ తూచి పేర్లతో సహా బోర్డు మీద రాయడం సాంఖ్యకశాస్త్రం పాఠం కాదు. లావుగా ఉన్న పిల్లకూ, బక్కగా ఉన్న పిల్లవాడికీ ఆ గంట నరకం. వాళ్ళకు జన్మలో మళ్ళీ హిస్టోగ్రాము పేరు చెబితే ఒళ్ళు మండుతుంది. మార్కులు, తండ్రి సంపాదన, కులం, కట్టని ఫీజు, ఒంట్లో జబ్బు, వీటిని కూడా బోర్డు మీదికి లాగకూడదు. నాడి, నిద్ర, నడక, కరెంటు మీటరు వంటివి ఎన్నో ఉండగా వీటి జోలికి పోవడమెందుకు? వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. ఆ హక్కు తొమ్మిదో తరగతి గుమ్మం దగ్గర ఆగిపోతుందని అందులో లేదు. నాడి లెక్క కూడా ఇష్టంలేనివాళ్ళు ఇవ్వనక్కరలేదు. ఇచ్చేవాళ్ళు పేరులేని చీటీ మీద రాసి డబ్బాలో వేస్తే చాలు. పాఠానికి ఏ లోటూ రాదు.

దీనికి ఉపాధ్యాయులు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. సిలబసు పూర్తికాదు, తరగతిలో 60 మంది, పరీక్షలో వచ్చేది ఓజివ్ వక్రం గాని పాలలెక్క కాదు. మొదటి రెండూ నిజమే. కాని మూడోది అంత నిజం కాదు. సొంత అంకెలతో ఒక్క ఓజివ్ వక్రం గీసినవాడికి పరీక్షలో వచ్చేది కొత్తగా ఉండదు. ఇక "సొంత అంకెలతో లెక్క శుభ్రంగా రాదు, దశాంశాలు తెగవు" అనేవారున్నారు. రాకపోతే మంచిదే! ఎన్ని దశాంశాల దగ్గర ఆపాలో తెలియాలంటే తెగని దశాంశాలే కావాలి. చేతి గడియారం చూసి నిమిషాల్లో రాసిన ప్రయాణానికి 26.4 దాకా చెప్పవచ్చేమో గాని, మరింత పొడుగు అంకె రాస్తే అది గొప్పలు పోవడమే.

సొంత లెక్క వల్ల ఒరిగేదేమిటని అడిగేవాళ్ళకు గాంధీజీ ఉన్నాడు. లండనులో న్యాయశాస్త్రం చదువుకొనే రోజుల్లో ఆయన బండి చార్జీల నుంచి తపాలా బిళ్ళల దాకా ప్రతి పైసా ఖర్చూ రాసుకొని, రాత్రి పడుకోబోయే ముందు లెక్క సరిచూసుకొనేవాడు. ప్రయాణాలకే చాలా పోతోందని ఆ పద్దే చెప్పింది. దాంతో బస మార్చి, రోజూ మైళ్ళకొద్దీ నడిచి ఖర్చు తగ్గించుకున్నాడు. ఈ సంగతి ఆత్మకథలో ఆయనే రాశాడు.

గోప్యంగా ఉంచవలసిన విషయాలను కూడా, ఎవరి గుట్టూ రట్టు కాకుండా లెక్కించే ఉపాయం ఒకటి ఉంది. అది చెప్పి ముగిస్తాను. స్టాన్లీ వార్నర్ అనే అమెరికన్ 1965లో ఈ కోవకు చెందిన పద్ధతిని మొదట ప్రతిపాదించాడు. నేను చెప్పేది దానికి సులువైన రూపం. "ఈ ఏడాది ఏదైనా పరీక్షలో పక్కవాళ్ళ కాగితం చూసి రాశారా?" అన్నది ప్రశ్న. నేరుగా అడిగితే ఎవరూ చెయ్యి ఎత్తరు. కనుక ప్రతి ఒక్కరూ ఒక రూపాయి నాణెం తీసుకొని, ఎవరికీ కనపడకుండా ఎగరెయ్యాలి. బొమ్మ పడితే నిజం ఏదైనా సరే 'అవును' అనాలి. బొరుసు పడితే నిజం చెప్పాలి. ఇప్పుడు చేతులెత్తమనండి. చెయ్యి ఎత్తినవాడు కాపీ కొట్టాడో, అతనికి బొమ్మ పడిందో మాస్టారికి కూడా తెలియదు. ఎవరి మీదా నింద లేదు.

60 మందిలో 39 మంది చేతులెత్తారనుకోండి. నాణెం న్యాయమైనదైతే సుమారు 30 మందికి బొమ్మ పడి ఉంటుంది. వాళ్ళను తీసేస్తే మిగిలిన 30 మందిలో 9 మంది నిజంగా 'అవును' అన్నట్టు. అంటే నూటికి 30 మంది. ఒక్క పేరు కూడా తెలుసుకోకుండా తరగతి సంగతి తెలిసింది!

కాని బొమ్మ సరిగ్గా 30 సార్లే పడాలని ఎక్కడుంది? 35 పడి ఉంటే, మిగిలిన 25 మందిలో నలుగురే 'అవును' అన్నట్టు, అంటే నూటికి 16. బొమ్మ 25 సార్లే పడి ఉంటే, 35 మందిలో 14, అంటే నూటికి 40. ఒకే 39 చేతులు, జవాబు 16 నుంచి 40 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. గుట్టు దాచినందుకు లెక్కలో కట్టే సుంకం ఇది. జనం పెరిగితే ఈ సుంకం తగ్గుతుంది. 60 నాణేల్లో బొమ్మలు 30కి అయిదు అటో ఇటో పడటం మామూలే. 600 నాణేల్లో 300కి యాభై అటో ఇటో పడటం మాత్రం చాలా అరుదు. నమ్మకం కుదరకపోతే ఒక మధ్యాహ్నం కూర్చొని నాణెం ఎగరేసి చూడండి. అందుకని ఈ ప్రయోగం చేయదలిస్తే మీ సెక్షను ఒక్కటే సరిపోదు. మిగతా సెక్షన్లవాళ్ళను కూడా కలుపుకోండి, మాస్టారిని కూడా ఒక నాణెం పట్టుకోమనండి.